దయ్యం తగ్గేకొద్దీ పెరిగిన భయం: సఫోన్ నవలలు

1945 వేసవి తొలి రోజులు. బార్సిలోనాలో ఇంకా తెల్లవారలేదు. పదేళ్ల డానియెల్ కేక పెట్టి నిద్రలేస్తాడు. నాన్న పరిగెత్తుకొస్తాడు. పిల్లాడి ఏడుపుకు కారణం ఒక్కటే. చనిపోయిన అమ్మ ముఖం ఎంత తలచుకున్నా గుర్తుకు రావడం లేదు. ఇద్దరి తరఫునా నేనే గుర్తుపెట్టుకుంటాలే అని నాన్న వాణ్ణి ఊరడిస్తాడు. బట్టలు వేసుకోమని చెప్పి, బూడిద రంగు ఆకాశం కింద రాంబ్లా వీధి వెంట నడిపించుకుపోతాడు. ఈరోజు చూడబోయేది ఎవరికీ చెప్పకూడదు అంటాడు. 'అమ్మకి కూడానా?' అని అడుగుతాడు పిల్లాడు. నాన్న దిగులుగా నవ్వి, అమ్మకి చెప్పొచ్చు, ఆమె దగ్గర మనకు దాపరికమేముంది అంటాడు.

'ది షాడో ఆఫ్ ది విండ్' నవల ఇలా మొదలవుతుంది. రాసింది హారర్, మిస్టరీ రచయితగా పేరున్న మనిషి. మొదటి పేజీల్లోనే కేక ఉంది, చీకటి ఉంది. దయ్యం మాత్రం లేదు. ఒక ముఖం చెరిగిపోవడమే అక్కడి భయం. కార్లోస్ రుయిస్ సఫోన్ రాసిన ఎనిమిది నవలల్నీ రాసిన వరసలో చదివితే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. మొదటి పుస్తకంలో నిజంగానే సైతాను ఉన్నాడు. ఆఖరి దాంట్లో ఆ చోట్లో ఒక మంత్రి ఉన్నాడు. మధ్యలో దయ్యాలు ఒక్కొక్కటే తప్పుకుంటూ పోయాయి, భయం మాత్రం చిక్కబడుతూ వచ్చింది.

పేరు గురించి ఒక మాట. స్పెయిన్‌లో మనిషికి రెండు ఇంటిపేర్లు, ముందు నాన్నది, తర్వాత అమ్మది. రుయిస్ అన్నది వీధికి పదిమందికి ఉండే పేరు కాబట్టి పాఠకులు ఈయన్ని అమ్మ వైపు పేరుతోనే గుర్తుపెట్టుకున్నారు. స్పెయిన్‌లో చాలాచోట్ల దాన్ని 'థఫోన్' అన్నట్టు పలుకుతారు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసినవాళ్లు 'జఫోన్' అంటారు. ఇక్కడ మధ్యేమార్గంగా సఫోన్ అనుకుందాం.

1964 సెప్టెంబర్ 25న బార్సిలోనాలో పుట్టారు. కుర్రతనంలో అడ్వర్టైజింగ్‌లో పనిచేశారు. తొలి నవల 1993లో వచ్చింది, పిల్లల సాహిత్యానికిచ్చే ఎదెబె బహుమతి దానికి దక్కింది. ఆ తర్వాత లాస్ ఏంజెలెస్ వెళ్లి సినిమా స్క్రిప్టులు రాశారు. 2020 జూన్ 19న, 55 ఏళ్ల వయసులో, క్యాన్సర్‌తో ఆ ఊళ్లోనే పోయారు. అంటే బార్సిలోనాని అన్ని వేల పేజీల్లో రాసిన మనిషి, అందులో చాలా భాగం ఆ ఊరికి సముద్రాల దూరంలో ఉండి రాశారు. ఆయన బార్సిలోనాలో ఎప్పుడు చూసినా పొగమంచు, వాన, గ్యాస్ దీపాల మసక వెలుతురు. నిజానికి అది మధ్యధరా ఒడ్డున ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ కాసే ఊరు. అమెరికాలో స్థిరపడినవాళ్ల కథల్లో గోదావరి ఎప్పుడూ నిండుగానే పారినట్టు, దూరమైన ఊరికి వాతావరణం కూడా మారిపోతుంది కాబోలు.

మొదటి నవల 'ది ప్రిన్స్ ఆఫ్ మిస్ట్'. 1943, యుద్ధ కాలం. గడియారాలు బాగుచేసే తండ్రి కుటుంబాన్ని తీసుకుని సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న ఊరికి మారతాడు. రైలు దిగగానే కొడుకు మాక్స్ ఒకటి గమనిస్తాడు, స్టేషన్ గడియారం వెనక్కి తిరుగుతోంది. కొత్త ఇంటి వెనక పాడుబడ్డ తోట ఉంటుంది, అందులో సర్కస్ మనుషుల రాతి బొమ్మలు. వాటి నడుమ ఒక జోకర్. ఇంతవరకు చాలా బాగుంటుంది. తర్వాత అసలు సంగతి తెలుస్తుంది. కెయిన్ అనే మాంత్రికుడు అడిగిన కోరిక తీరుస్తాడు, ఆనక బాకీ వసూలుకు వస్తాడు. పుట్టబోయే బిడ్డనే మాటిచ్చేసిన ఒక మనిషి దగ్గర మొదలైన లెక్క ఏళ్ల తర్వాత పిల్లల తరం మీద పడుతుంది.

ఈ 'బాకీ' అన్న మాటని పక్కన పెట్టుకుని మిగతా నవలలు చదవాలి. సఫోన్ దగ్గర ప్రతి కథా ఒక అప్పు కథే. అప్పు చేసింది పెద్దవాళ్లు, తలుపు తట్టేసరికి ఇంట్లో ఉండేది పిల్లలు.

రెండో నవల 1994లో వచ్చింది, 'ది మిడ్‌నైట్ ప్యాలెస్'. మనవాళ్లకు ఇది ప్రత్యేకం, ఎందుకంటే కథ జరిగేది కలకత్తాలో. 1916లో ఒక రాత్రి పీక్ అనే బ్రిటిష్ లెఫ్టినెంట్ ఇద్దరు కవల పసికందుల్ని ఎత్తుకుని హంతకుల నుంచి పారిపోతాడు. 1932కి ఆ పసికందులకు పదహారేళ్లొస్తాయి. అనాథాశ్రమంలో పెరిగిన బెన్, వాడి స్నేహితుల రహస్య సంఘం, తగలబడిపోయిన ఒక రైల్వే స్టేషన్, మంటల్లో మండుతూనే దూసుకొచ్చే రైలు. పన్నెండేళ్ల వయసులో చదివితే రాత్రి లైటు ఆర్పబుద్ధి కాదు. పెద్దయ్యాక చదివితే మాత్రం నవ్వొస్తుంది. విలన్ పేరు జవహల్. అమ్మాయి పేరు షీర్. ఇవి ఏ భాష పేర్లో బెంగాలీలకైనా తెలుస్తుందా అన్నది అనుమానమే. చటర్జీ స్పెల్లింగ్ కూడా ఇంగ్లిష్ పుస్తకంలో వింతగా ఉంటుంది. కలకత్తా అక్కడ రంగస్థలం వెనక వేలాడదీసిన తెర మాత్రమే. వీధులకు వాసన లేదు, జనానికి మాట లేదు. ఇదే రచయిత తన సొంత ఊరు గురించి రాసినప్పుడు ఏమవుతుందో చూడాలంటే ముందు ఈ పుస్తకం చదవడం ఒక రకంగా మంచిదే.

1995 నాటి మూడోది 'ది వాచర్ ఇన్ ద షాడోస్'. 1937 నార్మండీ, బొమ్మలు తయారుచేసే లాజరస్ జాన్ భవంతి, కీ ఇస్తే కదిలే మనిషంత బొమ్మలు, మనిషి నుంచి విడిపోయిన నీడ. మొదటి నవలకు తోబుట్టువు లాంటిది. చదవకపోయినా పెద్ద నష్టం లేదు.

మలుపు 1999లో 'మరీనా'తో వచ్చింది. అప్పటికి కథ బార్సిలోనాకి చేరింది. సఫోన్ స్వయంగా చదువుకున్న జెస్యూట్ బడి సర్రియా అనే పాతపేటలో ఉంది, ఓస్కార్ అనే కుర్రాడి హాస్టల్ కూడా అక్కడే. కథాకాలం 1979, 80. అంటే రచయితకు కూడా అప్పుడు పదిహేను, పదహారేళ్లు. తాను రాసినవాటిలో ఇష్టమైన పుస్తకాల్లో ఇదొకటని ఆయనే ముందుమాటలో చెప్పుకున్నారు.

ఇందులో ఒక సన్నివేశాన్ని కాస్త దగ్గరగా చూడాలి. సర్రియా శ్మశానంలో పేరు లేని సమాధి ఒకటుంది. దాని మీద రెక్కలు చాచిన నల్ల సీతాకోకచిలుక గుర్తు మాత్రం చెక్కి ఉంటుంది. నల్ల దుస్తుల్లో ఒకావిడ వచ్చి అక్కడ గులాబీ పెట్టి వెళ్తుంటుంది. ఓస్కార్, మరీనా ఆవిడ వెంటపడి వదిలేసిన ఒక గాజుల తోటగదిలోకి చేరతారు. మొక్కలు అడవిలా పెరిగిపోయి ఉంటాయి. ఒక ఆల్బం దొరుకుతుంది. తెరిస్తే అన్నీ వికృతంగా పుట్టిన మనుషుల ఫోటోలు. తల పైకెత్తితే చీకట్లో చెక్క బొమ్మలు వేలాడుతుంటాయి. మామూలు హారర్ రచయిత ఇక్కడే బొమ్మ చేత చెయ్యి కదిలించి కేక పెట్టించేవాడు. కదలిక ఇక్కడా ఉంది కానీ, పాఠకుడి మనసులో నిలిచిపోయేది ఆల్బమే. ఎవరో వీళ్లందరినీ పనిగట్టుకుని ఫోటో తీశారు, అంటించారు, దాచారు. ఎందుకు? ఈ 'ఎందుకు' నుంచి కోల్వెనిక్ కథ బయటికొస్తుంది. ప్రాగ్ నుంచి వచ్చి, అంగవికలురకు కృత్రిమ అవయవాలు చేసే కంపెనీని నిలబెట్టిన మనిషి, దేవుడు చేసిన పొరపాట్లు దిద్దుతానని బయల్దేరి ఎక్కడికో పోయాడు. దయ్యం లేదు, దురాశ కూడా లేదు. జాలితో మొదలైన పిచ్చి అది.

అయినా 'మరీనా' చదివినవాళ్లని కొన్నేళ్ల తర్వాత అడిగితే కోల్వెనిక్ వివరాలు సరిగా చెప్పలేరు. ఆసుపత్రి చెప్తారు. ఒకరి జబ్బు గురించి ఇంట్లో అందరికీ తెలిసి, ఓస్కార్‌కి ఒక్కడికే తెలియకపోవడం చెప్తారు. ఎవరికి జబ్బన్నది ఇక్కడ చెప్పడం భావ్యం కాదు. రాక్షసులతో నిండిన పుస్తకంలో అన్నిటికన్నా బెదరగొట్టేది ఒక రిపోర్టు. సఫోన్‌కి తన దారి దొరికింది ఇక్కడే.

2001లో 'ది షాడో ఆఫ్ ది విండ్' స్పానిష్‌లో వచ్చింది. మొదట్లో పెద్ద హడావుడేమీ లేదు. చదివినవాళ్లు పక్కవాళ్లకి చెప్పి, వాళ్లు ఇంకొకరికి చెప్పి, నెమ్మదిగా అది కోటికి పైగా ప్రతులు అమ్ముడైన పుస్తకమైంది. ఇంగ్లిష్‌లోకి 2004లో వచ్చింది. అనువదించింది లూసియా గ్రేవ్స్, కవి రాబర్ట్ గ్రేవ్స్ కూతురు, మయోర్కా దీవిలో పెరిగిన మనిషి. మిగతా నవలల్ని కూడా ఆవిడే ఇంగ్లిష్ చేశారు. మొదటి మూడూ, వాటితోపాటు 'మరీనా', ఇంగ్లిష్‌లోకి రావడం మాత్రం 2010లోనే మొదలైంది. దీనివల్ల ఇంగ్లిష్‌లో చదివినవాళ్లకి ఒక తికమక. పెద్ద నవల చదివిన మోజులో చిన్నప్పటి పుస్తకాల్ని కొత్తవనుకుని కొని, ఈయనకేమైంది ఇలా రాశాడు అని నిరాశపడ్డారు. రచయిత ఎదుగుదలని వాళ్లు తిరగేసి చదివారు.

ఆ తెల్లవారుజామున నాన్న డానియెల్‌ని తీసుకెళ్లిన చోటు, మరిచిపోయిన పుస్తకాల శ్మశానం. ఎవరూ చదవని, ఎక్కడా దొరకని పుస్తకాలన్నీ చేరే రహస్య గ్రంథాలయం. మొదటిసారి వచ్చినవాళ్లు ఒక పుస్తకాన్ని ఎంచుకోవాలి, అది ఎన్నటికీ మాయమైపోకుండా చూసుకుంటానని మాటివ్వాలి. డానియెల్ చేతికొచ్చింది హూలియన్ కరాక్స్ అనే ఎవరూ వినని రచయిత నవల. దాని పేరు కూడా 'ది షాడో ఆఫ్ ది విండ్'. రాత్రికి రాత్రి చదివేస్తాడు. ఈ రచయిత ఇంకేం రాశాడని ఆరా తీస్తే తెలుస్తుంది, ఎవరో పనిగట్టుకుని కరాక్స్ పుస్తకాల్ని వెతికి వెతికి కాల్చేస్తున్నారు. డానియెల్ దగ్గరున్నది బహుశా ఆఖరి ప్రతి.

ఇక నవల మొత్తంలో అతి చిన్న హారర్ సన్నివేశం. ఒక రాత్రి డానియెల్ కిటికీ దగ్గర నిలబడి ఉంటాడు. కింద వీధిలో, దీపం వెలుతురు అందని చోట, ఒక మనిషి. నల్ల దుస్తులు, ఒక చెయ్యి కోటు జేబులో, పైకి లేస్తున్న సిగరెట్ పొగ. కదలడు. పైకే చూస్తున్నట్టుంటాడు. కాసేపటికి వెళ్లిపోతాడు. అంతవరకు అది ఏ పోకిరీవాడో అనుకోవచ్చు. అప్పుడు గుర్తొస్తుంది డానియెల్‌కి, ఈ దృశ్యాన్ని తాను ఇంతకుముందే చదివాడు. కరాక్స్ నవలలో అచ్చం ఇలాగే ఒకడు అర్ధరాత్రి వీధిలో నిలబడి సిగరెట్ కాలుస్తూ పైకి చూస్తుంటాడు. ఆ నవలలో వాడు సైతాను. ఇక్కడ కత్తి లేదు, రక్తం లేదు. పుస్తకంలోని వాక్యం ఒకటి లేచొచ్చి ఇంటి ముందు నిలబడింది. వెన్నులోంచి చలి పాకడానికి అది చాలు.

ఆ సిగరెట్ మనిషి తనను లయిన్ కుబెర్ అని చెప్పుకుంటాడు. కరాక్స్ నవలలో సైతాను పేరు అదే. ముఖం కాలిపోయి ఉంటుంది, వాడు దగ్గరికొస్తే కాలిన కాగితం వాసన. మొదటి సగం చదివేవరకు పాఠకుడి భయమంతా వీడి మీదే ఉంటుంది. ఆ తర్వాత నెమ్మదిగా భయం ఒకరి నుంచి ఇంకొకరికి బదిలీ అవుతుంది. ఫుమేరో అనే పోలీసు ఇన్‌స్పెక్టర్ కథలోకి వస్తాడు. వాడికి ముఖం ఉంది, హోదా ఉంది, ఆఫీసు ఉంది. 1936-39 నాటి స్పెయిన్ అంతర్యుద్ధంలో ఎవరిది పైచేయి అయితే వాళ్ల కొమ్ము కాసి, చివరికి గెలిచిన పక్షంలో అధికారిగా తేలినవాడు. పగటిపూట గంట కొట్టి లోపలికొస్తాడు. నవల ముగిసేసరికి, కాలిన ముఖం మీద జాలి పుడుతుంది, చక్కటి ముఖం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఈ తారుమారే ఈ నవల గొప్పతనం.

ఇది ఊరికే కథ కోసం అల్లింది కూడా కాదు. 1939 జనవరి 26న, అంతర్యుద్ధంలో గెలిచి నియంత అయిన ఫ్రాంకో సేనలు బార్సిలోనాలో అడుగుపెట్టాయి. ఓడినవాళ్లలో ఎంతోమందిని జైళ్లు, కాల్చివేతలు మింగేశాయి. బార్సిలోనా ఉన్న కతలోనియా ప్రాంతపు భాష కతలాన్ బళ్లలోంచి, ఆఫీసుల్లోంచి మాయమైంది. 1975లో ఫ్రాంకో పోయాక, 1977లో క్షమాభిక్ష చట్టం వచ్చింది. పాత గాయాలు కెలకవద్దన్న ఒక ఒప్పందం లాంటిది దేశమంతా పరుచుకుంది. గోతుల్లో ఉన్నవాళ్లలో చాలామందిని ఎవరూ తవ్వి తీయలేదు. 2000 అక్టోబర్‌లో లియోన్ ప్రాంతంలోని ప్రియారాన్సా దెల్ బియెర్సో దగ్గర 13 మందిని పాతిపెట్టిన గోతిని శాస్త్రీయంగా తవ్వారు. అంతర్యుద్ధపు సామూహిక సమాధుల విషయంలో ఆ పద్ధతిలో జరిగిన మొదటి తవ్వకం అది. ఆ మరుసటి ఏడే మరిచిపోయిన పుస్తకాల శ్మశానం అచ్చయింది. కాకతాళీయమే కావచ్చు. కానీ 'అమ్మ ముఖం గుర్తు రావడం లేదు' అన్న పిల్లాడి కేక స్పెయిన్ పాఠకుల చెవిలో ఎలా పడి ఉంటుందో ఊహించడం కష్టమేమీ కాదు.

ఇంత చీకటిని మోసేది ఫెర్మిన్ రొమేరో దె తోర్రెస్. వీధిలో ముష్టివాడిలా బతుకుతున్న మనిషిని డానియెల్ ఇంటికి తెస్తాడు. తండ్రి వేణ్నీళ్లు పెట్టి స్నానం చేయిస్తుంటే ఒంటినిండా చిత్రహింసల మచ్చలు బయటపడతాయి. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. శుభ్రపడి ఆ తండ్రి నడిపే పుస్తకాల షాపులో పనికి కుదిరాక ఆ మనిషి నోరు మూతపడితే ఒట్టు. ఆడవాళ్ల గురించి, చర్చి గురించి, ప్రభుత్వం గురించి, తిండి గురించి లెక్చర్ల మీద లెక్చర్లు. జేబులో ఎప్పుడూ సుగుస్ అనే మిఠాయి బిళ్లలు. ఆకలి ఎరిగిన మనిషి తీపి దాచుకున్నట్టు దాచుకుంటాడు. ఫెర్మిన్ లేకపోతే ఈ నవల మూడొందల పేజీల దగ్గర ఊపిరాడక చచ్చిపోయేది.

లోపాలు కూడా చెప్పాలి. సఫోన్ కథలో కథ, అందులో ఇంకో కథ చెప్తారు. కాశీమజిలీ కథలు విని పెరిగినవాళ్లకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు, హాయిగానే ఉంటుంది. కానీ మజిలీ కథల్లో మణిసిద్ధుడికి దివ్యమణి ఉంది, అన్నీ కనిపిస్తాయి. సఫోన్ నవలలో ఆఖరున నూరియా మొన్‌ఫోర్ట్ అనే ఆవిడ రాసిన పొడవాటి ఉత్తరం ఒకటి వచ్చి ముడులన్నీ విప్పేస్తుంది. తాను లేని గదుల్లో జరిగిన సంభాషణలు కూడా అందులో మాట మాటకీ ఉంటాయి. ఆవిడకెలా తెలుసు? డిటెక్టివ్ నవలలా నడిచిన కథలో డిటెక్టివ్‌కి ఉత్తరం అందడంతో కేసు తేలిపోవడం ఒక రకంగా చేతులెత్తేయడమే. ఆడపాత్రలది ఇంకో బాధ. ఈ నవలలో పెనెలోపె, క్లారా, తర్వాత నవలలో క్రిస్టీనా, అందరూ తెల్లగా, సన్నగా, అందకుండా ఉంటారు. ప్రేమించబడటం, జబ్బు పడటం, చచ్చిపోవడం వాళ్ల పని. నూరియా ఒక్కతే కాస్త రక్తమాంసాలున్న మనిషి, అందుకే ఆ ఉత్తరాన్ని కూడా క్షమించాలనిపిస్తుంది.

2008 నాటి 'ది ఏంజెల్స్ గేమ్' అభిమానుల్ని రెండుగా చీల్చింది. కథ వెనక్కి, 1920లకి వెళ్తుంది. సైతాను కూడా తిరిగొస్తాడు. డేవిడ్ మార్తిన్ అనే కుర్రాడు మారుపేరుతో చవకరకం నెత్తుటి నవలలు గడువుకి గడువుకి రాసి పడేస్తుంటాడు, పబ్లిషర్లు వాణ్ణి పిండుకుంటుంటారు. వారపత్రికల్లో 'సశేషం' చూసి వారం ఆగిన తరం తెలుగు పాఠకులకి ఈ బతుకు కొత్త కాదు. ఆంద్రెయాస్ కొరెల్లి అనే పారిస్ పబ్లిషర్ లక్ష ఫ్రాంకులిస్తానంటాడు. పని ఏమిటంటే, ఒక కొత్త మతానికి గ్రంథం రాయాలి. కొరెల్లి మర్యాదస్తుడు, నెమ్మదిగా మాట్లాడతాడు, ఒకటే తేడా. రెప్ప వేయడు.

పైకి చూస్తే ఇది వెనకడుగు. కెయిన్ లాంటి బాకీ వసూలుదారు మళ్లీ వచ్చాడు. కానీ మొదటి నవల రోజుల్లా ఉండుంటే కొరెల్లి గాలి లేపేవాడు, సముద్రం పొంగించేవాడు. ఇక్కడ సోఫాలో కూర్చుని పాఠం చెప్తాడు. జనం నమ్మేది తర్కాన్ని కాదు, కథని. ప్రమాదం ముంచుకొస్తోందన్న భయం పుట్టించాలి. బాధితులం మనమేనని నమ్మించగలిగితే ఆపైన వాళ్లు ఏం చేసినా న్యాయంగానే కనిపిస్తుంది. ఇదీ పాఠం సారం. అది 1930 దరిదాపుల బార్సిలోనా అని, ఆరేళ్లలో దేశం రెండుగా చీలి నరుక్కోబోతోందని పాఠకుడికి తెలుసు. సైతాను ఆ తర్వాతి నవలల్లో కనిపించకపోవడానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. చెప్పాల్సిన పాఠం చెప్పేశాడు, ఇక అతని అవసరం లేదు.

ఈ నవలలో భయపెట్టే వస్తువు ఒక టైప్ మిషన్. డేవిడ్ అద్దెకు తీసుకున్న పాత భవనంలో ఒక అండర్‌వుడ్ దొరుకుతుంది. దాని మీదే రాసుకుంటుంటాడు. ఒకరోజు మరిచిపోయిన పుస్తకాల శ్మశానంలో 'లుక్స్ ఎతెర్నా' అన్న ప్రతి చేతికొస్తుంది. రచయిత పేరు లేదు, డి.ఎం. అన్న పొడి అక్షరాలు మాత్రమే ఉన్నాయి. డేవిడ్ మార్తిన్ పొడి అక్షరాలు కూడా అవే. పరీక్షగా చూస్తే అచ్చు గుర్తుపడతాడు, అది తన ఇంట్లో ఉన్న మిషన్ మీద కొట్టిందే. తనకన్నా ముందు ఈ బల్ల ముందు ఇంకొకడు కూర్చున్నాడు, ఇదే బేరం ఒప్పుకున్నాడు. అసలు కొరెల్లి ఉన్నాడా, లేక డేవిడ్ తలలో ఉన్న కణితి ఆడిస్తున్న ఆటా? నవల తేల్చదు. తేల్చలేదని తిట్టినవాళ్లు చాలామంది. తేల్చి ఉంటే మొదటిసారి చదివాక పక్కన పడేసే పుస్తకమయ్యేది.

2011లో వచ్చిన 'ది ప్రిజనర్ ఆఫ్ హెవెన్' చిన్నది, తొందరగా అయిపోతుంది. 1957 క్రిస్మస్ రోజుల్లో కుంటుకుంటూ ఒక అపరిచితుడు షాపుకొచ్చి, అద్దాల బీరువాలోని ఖరీదైన 'కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో' ప్రతి కొని, చావు నుంచి తిరిగొచ్చిన ఫెర్మిన్‌కి అని అందులో రాసి అక్కడే వదిలిపోతాడు. అక్కణ్ణుంచి ఫ్లాష్‌బ్యాక్. మొంజూయిక్ కోట జైలు, అందులోనే డేవిడ్ మార్తిన్, జైలు అధికారి మౌరిసియో వాల్స్. మొంజూయిక్ కోట కల్పన కాదు. కతలోనియా అధ్యక్షుడు లూయిస్ కొంపాన్స్‌ని 1940 అక్టోబర్ 15న కాల్చి చంపింది ఆ కోటలోనే. వాల్స్ కొట్టే రకం విలన్ కాదు, అతనికి సాహిత్యం పిచ్చి. పెద్ద రచయితనవ్వాలని ఆశ. ఖైదీ చేత తన రాతలు దిద్దించుకుంటాడు. ఫుమేరోకన్నా ఒక మెట్టు పైన, ఇంకొంచెం నాగరికంగా. ఏళ్లు గడిచేసరికి పెద్ద పదవిలో ఉంటాడు.

'ది షాడో ఆఫ్ ది విండ్', 'ది ఏంజెల్స్ గేమ్', ఇది, దీని తర్వాత వచ్చిన ఆఖరిది, ఈ నాలుగూ మరిచిపోయిన పుస్తకాల శ్మశానం చుట్టూ అల్లుకున్న కథలు, ఏ వరసలోనైనా చదవొచ్చని రచయిత మాట. మర్యాదకి సరేననుకున్నా, 'ప్రిజనర్' మొదట చదవడం పప్పు లేకుండా పోపు తినడం లాంటిది. అది వంతెన. అటూ ఇటూ ఒడ్లు చూశాకే దాని పని తెలుస్తుంది. పైగా 'ఏంజెల్స్ గేమ్' చెప్పిన డేవిడ్ మాటలెంత నమ్మొచ్చో దీనితోనే అనుమానం మొదలవుతుంది. ముందే తెలిస్తే ఆ మజా పోతుంది. రాసిన వరసే నయం.

ఆఖరిది, 2016 నాటి 'ది లాబరింత్ ఆఫ్ ది స్పిరిట్స్'. మంత్రి వాల్స్ మాయమయ్యాడు. 1959 మాడ్రిడ్‌లో రహస్య పోలీసు విభాగం అలీసియా గ్రిస్ అనే యువతికి ఆ కేసు అప్పజెప్తుంది. అలీసియా బార్సిలోనా పిల్ల. 1938 మార్చి 16 నుంచి 18 దాకా ఫ్రాంకో పక్షాన ఇటలీ విమానాలు ఆ ఊరి మీద బాంబులు కురిపించాయి, దాదాపు వెయ్యిమంది పోయారు. నవలలో ఆ యేడు పడిన బాంబుల్లోనే చిన్నారి అలీసియా ఒక గాజు గుమ్మటం పగిలి కిందపడుతుంది. పడింది మరిచిపోయిన పుస్తకాల శ్మశానంలో. తుంటి దగ్గర ఆ గాయం ఇరవయ్యేళ్లయినా మానదు. ప్రతి అధ్యాయంలో నొప్పి ఉంటుంది, మందు ఉంటుంది. చచ్చి పెనెలోపెలయ్యే ఆడపాత్రల వరసలో అలీసియా మొదటిసారి బతికి, నొప్పితో నడుస్తూ, చిరాకుపడుతూ, కేసు తనే ఛేదించే మనిషి. సఫోన్ మీద పడిన మాటకి ఆయనిచ్చిన జవాబు అనుకోవచ్చు.

ఈ పుస్తకంలో అన్నిటికన్నా భయంకరమైన వస్తువు ఒక అంకెల జాబితా. నెత్తుటి మరకలు కూడా లేని కాగితం. అవి ఏ అంకెలో తేలేసరికి గుండె ఝల్లుమంటుంది. జనన, మరణ ధ్రువపత్రాల నంబర్లు. జైలుపాలైన, చంపేసిన తల్లిదండ్రుల దగ్గర్నుంచి పిల్లల్ని లాక్కుని, పేర్లు మార్చి, ప్రభుత్వానికి కావలసిన ఇళ్లకి ఇచ్చేసిన లెక్కలు. ఫ్రాంకో కాలంలో ఇలాంటివి నిజంగా జరిగాయి. ఓడిన పక్షం వాళ్ల పిల్లల పేర్లు మార్చడానికి 1941లో చట్టమే తెచ్చారు. మొదటి నవలలో కెయిన్ పుట్టబోయే బిడ్డని బాకీగా అడిగాడు. ఇరవైమూడేళ్ల తర్వాత, ఆఖరి నవలలో, అదే పని ఒక రిజిస్టర్ చేసింది. సంతకం, ముద్ర, సీరియల్ నంబర్‌తో సహా.

సినిమా మనుషులు ఎన్నిసార్లు అడిగినా సఫోన్ ఈ నాలుగు నవలల హక్కులు ఇవ్వలేదు. సినిమా స్క్రిప్టులు రాసి బతికిన మనిషి, పుస్తకాల గురించి రాసిన పుస్తకాన్ని సినిమా చేయడం ద్రోహమన్నట్టు మాట్లాడారు. ఆయన పోయాక 2020లోనే 'ది సిటీ ఆఫ్ మిస్ట్' కథల సంపుటి స్పానిష్‌లో వచ్చింది. అందులో కొన్ని కథలు నాలుగు నవలల మనుషులకి పూర్వకథల్లాంటివి. అభిమానులకి పండగే, కొత్తవాళ్లకి తలా తోకా అర్థం కాదు.

ఒక రచయితవి ఇన్ని చదివితే ఒకటే కథ మళ్లీ మళ్లీ చెప్పినట్టు అనిపించదా అంటే, అనిపిస్తుంది. పాడుబడ్డ భవనం, దాచిన ఉత్తరం, ఒకరి కోసం కాలిపోయిన ఇంకొకరు, నిజం తవ్వుకుంటూ పోయే కుర్రాడు. అన్నీ తిరిగి తిరిగి వస్తాయి. రాగం తెలిసినవాడు కచేరీకి ఎందుకెళ్తాడో, ఈ పుస్తకాలకి పాఠకుడు అందుకే వెళ్తాడు. ఎక్కడ తేడా పెట్టాడో చూడటానికి.

తేడా ఎంత సన్నగా పెడతాడో 'ది షాడో ఆఫ్ ది విండ్' ఆఖరి పేజీలో కనిపిస్తుంది. ఏళ్లు గడిచాయి. అదే బూడిద రంగు తెల్లవారుజాము, అదే రాంబ్లా వీధి. ఈసారి చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నది డానియెల్. పక్కన పదేళ్ల కొడుకు హూలియన్. ఈరోజు చూడబోయేది ఎవరికీ చెప్పకూడదంటాడు తండ్రి. 'అమ్మకి కూడానా?' అని అడుగుతాడు పిల్లాడు. అమ్మకి చెప్పొచ్చు, ఆమె దగ్గర మనకు దాపరికమేముంది అంటాడు డానియెల్. మాటలన్నీ అవే. కాకపోతే ఈ అమ్మ ఇంట్లో ఉంది.